తన ఫిరంగులు పక్కవాడికి ఇచ్చిన దేశం: ఎస్టోనియా లెక్క ఏమిటి?

మీరు అడిగింది ఇది: "పదమూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఎస్టోనియా, పక్కనే రష్యాను పెట్టుకుని, తన దగ్గరున్న 155 మిల్లీమీటర్ల శతఘ్నులన్నీ 2023లో ఉక్రెయిన్‌కు ఇచ్చేసింది. ఇది ఆవేశమా, అమెరికా ఒత్తిడా, లేక కొరివితో తల గోక్కోవడమా? రేపు యుద్ధం ఆగిపోతే వాళ్లకు మిగిలేది ఏమిటి?"

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నా తరగతికి వచ్చేవాళ్లలో చాలామంది కూడా ఇదే అంటారు. నేను ఇరవై ఆరేళ్లు సైన్యంలో శతఘ్ని దళంలో పనిచేశాను. అందులో నాలుగేళ్లు ఇక్కడి గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో కొత్తవాళ్లకు తర్ఫీదు ఇచ్చాను. రిటైరయ్యాక పోటీ పరీక్షలవాళ్లకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతున్నాను. దళం చేతిలోంచి ఫిరంగి పోవడమంటే ఏమిటో తెలుసు కాబట్టి మీ సందేహాన్ని తేలిగ్గా తీసుకోను.

ముందు ఒక సవరణ. "అన్నీ" అనడంలో చిన్న పొరపాటు ఉంది. 2023 జనవరిలో ఎస్టోనియా ఇస్తానన్నవి ఎఫ్‌హెచ్-70 రకం, అంటే బండి వెనక కట్టి లాక్కెళ్లే శతఘ్నులు. అవి కూడా జర్మనీ వాడి వదిలేసినవే. అప్పటికే వాళ్లు దక్షిణ కొరియా నుంచి కె-9 రకం తెప్పించుకుంటున్నారు. ట్యాంకులా తనంతట తాను నడిచే శతఘ్ని అది. మన సైన్యంలోని కె-9 వజ్ర పేరు వినే ఉంటారు, గుజరాత్‌లోని హజీరాలో తయారవుతుంది. దానికి ఇవి తోబుట్టువులు. 2018లో 12 కొనడానికి ఒప్పందం చేసుకున్న ఎస్టోనియా, తర్వాత ఆ సంఖ్యను 36కు పెంచింది. కొత్త పంట ఇంటికొస్తోందని తెలిసి పాత గాదె ఖాళీ చేశారన్నమాట. అయినా ఆ పంట వచ్చేదాకా గాదెలో వెలితి వెలితే. దాన్ని తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నారన్నది అసలు ప్రశ్న.

నా జవాబు ఒక్క ముక్కలో: వాళ్లు కాలం కొనుక్కున్నారు. తమ మీదికి రాగల సైన్యం మరోచోట అరిగిపోతూ ఉండగా, ఈలోగా తమ ప్రహరీ లేపుకుంటున్నారు.

ఎస్టోనియా ఆగ్నేయ సరిహద్దు దాటి సుమారు యాభై కిలోమీటర్లు వెళితే పస్కోవ్ అనే రష్యా నగరం వస్తుంది. మనకు భువనగిరి ఎంత దూరమో అంత. రష్యా 76వ గార్డ్స్ వైమానిక దాడి డివిజన్ ఉండేది అక్కడే. ఆకాశంలోంచి దిగి, ఎదుటివాడు తేరుకునేలోపు ఊరు పట్టుకోవడానికి తీర్చిన దళం. ఎస్టోనియా సైనికాధికారి మ్యాపు తెరిస్తే కన్ను ముందు పడేది దాని మీదే. 2022 ఫిబ్రవరిలో ఆ డివిజన్ కీవ్ మీదికి వెళ్లింది. కీవ్ పక్కనే, పౌరుల ఊచకోత జరిగిన బుచా పట్టణంలోకి చొరబడ్డ దళాల్లో దాని 234వ రెజిమెంటు ఒకటి. ఆ తర్వాత దక్షిణ రంగంలోనూ పోరాడింది. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో కూర్చున్నవాడికి ఇదెలా కనిపిస్తుందో ఆలోచించండి. తన గుమ్మం ముందు నిలబడి తొడ కొట్టాల్సినవాడు ఎక్కడో దూరాన ఇంకొకడితో పెనుగులాటలో ఉన్నాడు. ఆ ఇంకొకడి చేతిలో గుండ్లు అయిపోతే, వీడు మళ్లీ పస్కోవ్‌కే తిరిగొస్తాడు.

"నాటో ఉంది కదా, ఇంత భయమెందుకు" అని వెంటనే ఒక చెయ్యి లేస్తుంది. 2004 మార్చి నుంచి ఎస్టోనియా నాటో సభ్యదేశమే. కానీ సభ్యత్వం వేరు, ప్రణాళిక వేరు. 2017 నుంచి టాపా అనే ఊళ్లో బ్రిటన్ నాయకత్వంలో ఒక దళం ఉంది, సుమారు వెయ్యిమంది. వెయ్యిమందితో సరిహద్దు కాపాడలేరు. వాళ్లను తాకితే నాటో మొత్తాన్ని తాకినట్టు అని చెప్పడానికే ఆ దళం. 2022 జూన్‌లో అప్పటి ఎస్టోనియా ప్రధాని కాయా కల్లాస్ ఒక విషయం బయటపెట్టారు. అప్పటి నాటో ప్రణాళికల ప్రకారం శత్రువు ముందు దేశాన్ని ఆక్రమిస్తాడు, 180 రోజుల తర్వాత విడిపిస్తారు. ఆ లెక్కన తన దేశం పటంలో మిగలదని ఆమె బహిరంగంగా అన్నారు. బుచా ఆక్రమణలో ఉన్నది సుమారు ఒక నెల. 180 రోజులంటే అలాంటి నెలలు ఆరు. ఎస్టోనియా వైశాల్యం 45 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కూడా లేదు. వెనక్కి తగ్గి ఊపిరి తీసుకోవడానికి వాళ్లకు వెనక చోటే లేదు, సముద్రం ఉంది. ఆ నెలాఖరులో మాడ్రిడ్‌లో జరిగిన నాటో సమావేశంలో తూర్పు సరిహద్దును మొదటి అంగుళం నుంచే కాపాడాలనే వైపు ఆలోచన మళ్లింది. మళ్లడానికి, దళాలు వచ్చి నిలబడడానికి మధ్య ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఉక్రెయిన్ నిలబడితే వస్తాయి.

టీవీ చర్చల్లో బాణాలు గీసిన పటాలు చూపిస్తారే తప్ప 1939ని ఎవరూ గుర్తు చేయరు. అక్కడికి వెళ్లకుండా ఎస్టోనియా అర్థం కాదు. ఆ ఏడాది ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్‌ల విదేశాంగ మంత్రులు రహస్యంగా తూర్పు యూరప్‌ను పంచుకున్నారు. సెప్టెంబరు 28న మాస్కో ఎస్టోనియాతో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంది: 25 వేల సోవియట్ సైనికులకు ఎస్టోనియాలో స్థావరాలు ఇవ్వాలి. ఎస్టోనియా ఒంటరిగా ఆలోచించి, ఒంటరిగా తలవంచింది. లాట్వియా, లిథువేనియాలూ వరసగా అంతే. ఫిన్లాండ్ మాత్రం కుదరదంది. నవంబరు 30న దాని మీద యుద్ధం మొదలైంది. ఆ చలికాలం ఫిన్లాండ్ మీద బాంబులు వేసిన సోవియట్ విమానాల్లో కొన్ని ఎస్టోనియా గడ్డ మీది స్థావరాల నుంచే లేచాయి.

దీని ముందు కథ తెలిస్తే ఇంకా బాధ కలుగుతుంది. 1918-20 మధ్య ఎస్టోనియా స్వాతంత్ర్యం కోసం బోల్షివిక్ సైన్యంతో పోరాడినప్పుడు, సముద్రం దాటి వచ్చి పక్కన నిలబడినవాళ్లలో ఫిన్లాండ్ స్వచ్ఛంద సైనికులు ఉన్నారు, మూడు వేలకు పైగా. బ్రిటిష్ నౌకాదళం రెండు రష్యన్ యుద్ధనౌకలను పట్టుకుని ఎస్టోనియా చేతికిచ్చింది. అలా అరువు బలంతో గెలిచి, 1920 ఫిబ్రవరి 2న సోవియట్ రష్యాతో టార్టూ సంధి కుదుర్చుకున్న దేశం, పందొమ్మిదేళ్ల తర్వాత తనకు సాయపడ్డవాడి మీద బాంబులు పడుతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. ఊరుకున్నందుకైనా మిగిలిందా? 1940 జూన్‌లో ఆక్రమణ, ఆగస్టులో విలీనం. 1941 జూన్ 14న పది వేలకు పైగా జనాన్ని పశువుల రవాణా పెట్టెల్లో తూర్పుకు తరలించారు. 1949 మార్చిలో నాలుగు రోజుల్లో మరో ఇరవై వేల మందికి పైగా. ఆ రెండో విడతలో ఆరు నెలల పసిపాప ఒకరు ఉన్నారు: కాయా కల్లాస్ తల్లి. ఫిన్లాండ్ భూమి పోగొట్టుకుంది, దేశాన్ని నిలుపుకుంది. ఎస్టోనియా దాదాపు పోరాడకుండానే యాభై ఏళ్లు పోగొట్టుకుంది. ఈ రెండు వాక్యాలు అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఇకపై ఎన్నడూ ఒంటరిగా ఉండం అన్నది వాళ్ల రాజకీయాల్లో అన్ని పక్షాలూ వాడే మాట.

మనకు ఇది మనసుకు ఎక్కకపోవడానికి కారణం ఉంది, దాన్ని దాచను. నా చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల బండి ఊరికొస్తే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చవగ్గా దొరికేవి. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. 1971లో ఆగస్టులో ఒప్పందం, డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో మన తరఫున వీటో. నేను సైన్యంలో ముట్టుకున్న ఇనుములో సగం ఆ దేశానిదే. మాస్కో అంటే మా తరానికి పుస్తకాల వాసన. ఎస్టోనియాలో నా వయసువాడికి ఆ పేరు వింటే గుర్తొచ్చేది రైలు పెట్టె. రెండూ నిజాలే. మన జ్ఞాపకంతో వాళ్ల నిర్ణయాన్ని కొలిస్తే తూకం తప్పుతుంది.

మీరు హైదరాబాద్‌లో ఉంటూ ఈ ప్రశ్న అడిగారు కాబట్టి గోల్కొండ సంగతి చెప్పాలి. ఆర్టిలరీ సెంటర్‌లో ఉన్న రోజుల్లో సెలవు దొరికితే కుర్రాళ్లను కోటలోని పెట్ల బురుజు ఎక్కించేవాణ్ని. అక్కడ ఫతే రహబర్ అనే పొడవాటి ఫిరంగి ఉంది. దాని మూతిలో చెయ్యి పెట్టి చూసి, ఇది కుతుబ్‌షాహీలదా సార్ అని అడిగేవారు. కాదు, వాళ్ల మీదికి వచ్చిన ఔరంగజేబుది.

గోల్కొండ కూడా ఎస్టోనియా చేసిన లెక్కే చేసింది. 1677లో శివాజీ భాగ్యనగరం వచ్చాడు. మంత్రి మాదన్న నడిపిన మంత్రాంగంతో అబుల్ హసన్ తానీషా ఆయనకు ధనం ఇచ్చాడు, ఫిరంగులూ ఇచ్చాడు. పైకి అది కర్ణాటక దండయాత్రకు సాయం. లోపలి సంగతి ఏమిటంటే, మరాఠాలు బలంగా ఉన్నంతకాలం మొఘలులకు గోల్కొండ మీదికి రావడానికి తీరిక ఉండదు. లెక్క తప్పు కాదు. తప్పిందల్లా 1685లో. మొఘలులు బీజాపూర్‌ను ముట్టడిస్తే, అండగా సైన్యం పంపుతానని తానీషా రాసిన ఉత్తరం శత్రువు చేతికి చిక్కింది. సైన్యం మాత్రం బీజాపూర్ చేరలేదు. అంటే సాయం చేసిన నింద వచ్చింది, సాయం అందిన ఫలం రాలేదు. మొఘల్ సేన హైదరాబాద్ మీద పడింది, సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం అటువైపు చేరిపోయాడు, నగరం దోపిడీ అయింది. తానీషా సంధి చేసుకున్నాడు. 1686లో అక్కన్న, మాదన్నలు హతమయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో బీజాపూర్ పడింది. ఏడాది తిరిగేసరికి, 1687 సెప్టెంబరులో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడింది, అదీ లోపలివాడు తలుపు తీస్తే. పక్క కోట పడ్డాక మన కోటకు మిగిలిన ఆయుష్షు ఒక్క సంవత్సరం.

తేదీలు చూస్తే ఎస్టోనియావాళ్లు తానీషా పొరపాటు చేయలేదని తెలుస్తుంది. ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరి 24న. ఎస్టోనియా పంపిన జావెలిన్ ట్యాంకు విధ్వంసక క్షిపణులు కీవ్ చేరింది ఫిబ్రవరి 18న. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోలేదు, కోట చుట్టూ శత్రువు మోహరించక ముందే సరుకు దింపారు. ఆలస్యంగా ఇచ్చే వంద ఫిరంగులకన్నా ముందే చేరిన పది విలువైనవని ఏ గన్నర్‌ను అడిగినా చెబుతాడు.

అయితే చిన్నదేశం ఇవ్వాలనుకున్నా ఇవ్వనివ్వరు. డి-30 అనే 122 మిల్లీమీటర్ల హోవిట్జర్ కథ దీనికి మంచి ఉదాహరణ, నాకు ఇష్టమైన ఫిరంగి కూడా కాబట్టి కాస్త ఆగుతాను. మన సైన్యంలోనూ ఉండేది. మూడు కాళ్లు. చాపితే నేల మీద నక్షత్రంలా పరుచుకుంటాయి, చక్రాలు పైకి లేస్తాయి, అప్పుడు గొట్టాన్ని ఏ దిక్కుకైనా పూర్తిగా గుండ్రంగా తిప్పవచ్చు. దీన్ని లారీకి కట్టేది వెనక నుంచి కాదు, మూతి దగ్గర. మొదటిసారి చూసిన కుర్రాడు తిరగేసి కట్టారనుకుంటాడు. సాదాసీదా లెక్కల్లో 15 కిలోమీటర్ల దూరం కొడుతుంది. ఇప్పటి శతఘ్నుల ముందు అది ముసలిదే, కానీ మొండిది.

ఎస్టోనియా దగ్గరున్న డి-30లు సోవియట్ తయారీ. తూర్పు జర్మనీ సైన్యంలో ఉండేవి. జర్మనీ ఒకటయ్యాక ఫిన్లాండ్ కొన్నది, ఫిన్లాండ్ నుంచి ఎస్టోనియాకు వచ్చాయి. ఆయుధం అమ్మినవాడు, మా అనుమతి లేకుండా మూడోవాడికి ఇవ్వకూడదని షరతు పెడతాడు. అందుకని రష్యాతో పోరాడుతున్న దేశానికి, రష్యావాళ్లే తయారుచేసిన పాత ఫిరంగి ఇవ్వడానికి, బెర్లిన్‌నూ హెల్సింకీనీ అడగాల్సి వచ్చింది. 2022 జనవరిలో బెర్లిన్ తాత్సారం చేసింది. యుద్ధం మొదలైన రెండు రోజులకు, ఫిబ్రవరి 26న, అనుమతి ఇచ్చింది. "అమెరికా ఒత్తిడా" అన్నారు కదా మీరు. ఈ ఫిరంగుల విషయంలో ఒత్తిడి చేసింది చిన్నది, నలిగింది పెద్దది.

అక్కడి నుంచి ఇంకో కారణానికి వస్తాను. ఇచ్చేవాడికి మాట ఉంటుంది. ఇది కూడా మన నగరమే నేర్పిన పాఠం, తలకిందులుగా. 1795లో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించినప్పుడు ఇంగ్లీషువాళ్లు వేలు కదపలేదు. మూడేళ్లకు, 1798లో, అదే ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. టిప్పు మీద యుద్ధాల్లో నిజాం వాళ్ల పక్కన నిలిచి భూములు సంపాదించాడు. 1800లో ఆ భూములనే, తన కాపలాకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, తిరిగి వాళ్లకే రాసిచ్చాడు. దత్త మండలాలు అంటే అవే, ఇప్పటి రాయలసీమలో ఎక్కువ భాగం. నిజాంకు రక్షణ దొరికింది, సంస్థానమూ మిగిలింది, విదేశీ వ్యవహారాల్లో గొంతు మాత్రం పోయింది. ఎస్టోనియాకు ఆ గతి పట్టకూడదనే భయం ఉంది. ఊరికే కాపలా పెట్టించుకునేవాడి మాట ఎవరూ వినరు. 2023 ఫిబ్రవరిలో యూరప్ దేశాలన్నీ కలిసి ఉక్రెయిన్‌కు పది లక్షల శతఘ్ని గుండ్లు సమకూర్చాలని ప్రతిపాదించింది ఎస్టోనియా. మార్చికల్లా యూరోపియన్ యూనియన్ ఒప్పుకుంది. అనుకున్న గడువులో అన్నీ చేరలేదు, అది వేరే సంగతి. 2024 డిసెంబరులో కల్లాస్ మొత్తం యూనియన్ విదేశాంగ విధానానికి ప్రతినిధి అయ్యారు. మన మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2019లోనే ఓటర్లు 31 లక్షలు దాటారు. అందులో సగం కూడా జనం లేని దేశం నుంచి వెళ్లిన మనిషి ఆమె.

ఖర్చు సంగతి. ఏటా జీడీపీలో 0.25 శాతం ఉక్రెయిన్ సైనిక సాయానికి కేటాయిస్తామని ఎస్టోనియా 2024 నుంచి 2027 వరకు మాట ఇచ్చింది. మొత్తం సాయాన్ని జీడీపీతో పోల్చి చూసే పట్టికల్లో పైవరసలో ఉంటోంది. అది గాల్లోంచి రాలేదు. 2022 ఆగస్టులో అక్కడ ద్రవ్యోల్బణం దాదాపు 25 శాతం. విలువ ఆధారిత పన్ను 20 శాతం ఉండేది, 2024లో 22 చేశారు, 2025 జులైలో 24 చేశారు. జనం సణగలేదనుకోకండి, బాగానే సణిగారు. యూనియన్ నిధి నుంచి ఇచ్చిన ఆయుధాలకు కొంత సొమ్ము తిరిగొచ్చింది. పాత సరుకుకు కొత్త ధర కట్టి అడిగారని తోటి దేశాల్లో గొణుగుడు కూడా పుట్టింది. నన్నడిగితే అందులో కాస్త నిజం ఉంది. అందుకే దీన్ని త్యాగం అనడానికి నాకు నోరు రాదు. లెక్క తెలిసిన కుటుంబం బీమా కట్టుకున్నట్టుంది. కీవ్ మీద వాళ్లకున్న జాలి కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.

లోపలి బెడద ఒకటి ఉంది. నార్వా నది మీద వంతెనకు ఇటు చివర నార్వా పట్టణం, అటు చివర రష్యా ఇవాన్‌గొరోడ్ కోట. ఎదురెదురుగా రెండు కోటలు, మధ్యలో రాయి విసిరితే దాటేంత నీళ్లు. నార్వాలో అత్యధికులు రష్యన్ మాట్లాడేవాళ్లే. ప్రభుత్వం ఉక్రెయిన్ అంటే, వాళ్లలో కొందరికి అది తమ మీద కోపంలా వినిపిస్తుంది. 2007లో టాలిన్‌లో సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని చోటు మార్చినప్పుడు అల్లర్లు జరిగాయి, దేశం మీద సైబర్ దాడులూ జరిగాయి. ఈ గాయాన్ని ఎస్టోనియా బాగా చూసుకుంటోందని నేననను.

మిగతా చిన్నదేశాలు తలా ఒక తీరు. లిథువేనియాలో 2022లో జనం చందాలు వేసుకుని కొద్ది రోజుల్లోనే అయిదు మిలియన్ యూరోలు పోగుచేసి డ్రోన్ కొనబోతే, టర్కీ తయారీదారు డ్రోన్‌ను ఊరికే ఇచ్చాడు. డెన్మార్క్‌కు రష్యాతో సరిహద్దే లేదు, అయినా 2024లో తన శతఘ్నులన్నీ ఇస్తానంది. కాబట్టి "భయమే కారణం" అని పరీక్షలో ఒక్క వాక్యంలో తేల్చేస్తే డెన్మార్క్ మీ జవాబును చెడగొడుతుంది. అక్కడ పనిచేసింది వేరే సూత్రం: బలవంతుడు సరిహద్దు చెరిపితే చెల్లుతుందని ఒకసారి ఒప్పుకుంటే, చిన్నవాళ్లెవరి దస్తావేజుకూ విలువ ఉండదు.

ఇలా చేస్తే రష్యాను రెచ్చగొట్టినట్టు కాదా అన్నది న్యాయమైన అభ్యంతరం. తానీషా ఉత్తరం మొఘలులకు సాకు ఇచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ఏ ఉత్తరమూ రాయని ఎస్టోనియా 1940లో మిగల్లేదు. సాకు కావాలనుకున్నవాడికి అది దొరక్క ఆగిన సందర్భం నాకు చరిత్రలో అరుదుగా కనిపించింది.

ఇక మీ చివరి ప్రశ్న, యుద్ధం ఆగితే మిగిలేది ఏమిటి. ఆగిన మర్నాడు పస్కోవ్ డివిజన్ ఇంటికొస్తుంది, యుద్ధంలో పండి వస్తుంది. ఎస్టోనియావాళ్లు అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఆ మర్నాటి గురించే. 2022లో దానికి ఎదురుగా ఉన్న దేశం వేరు, ఇప్పుడున్నది వేరు. కె-9లు వచ్చాయి. అమెరికా నుంచి ఆరు హైమార్స్ రాకెట్ వాహనాలు 2025లో చేరాయి. ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరడంతో వెనకున్న సముద్రం ఇప్పుడు స్నేహితులది. 2025 ఫిబ్రవరిలో మూడు బాల్టిక్ దేశాలూ రష్యా విద్యుత్ గ్రిడ్ నుంచి తీగలు తెంచుకుని యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. అంతకుముందు వాళ్ల ఇళ్లలో బల్బు వెలిగే కరెంటు ఫ్రీక్వెన్సీ మాస్కో చేతిలో ఉండేది. ఆగ్నేయ సరిహద్దు వెంబడి, పస్కోవ్‌కు ఎదురుగా, 600 కాంక్రీటు బంకర్లు కట్టే పని పెట్టుకున్నారు. ఒక్కో బంకరులో ఒక సెక్షన్ పడుతుంది, సుమారు పదిమంది.